సైలెంట్ వ్యాలీ యాత్ర: చెన్నై తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

పెరంబూరు, విల్లివాక్కం ప్రాంతాల్లో ఉండే కొన్ని తెలుగు కుటుంబాలం కలిసి ఏటా చలికాలంలో ఏదో ఒక కొండకో కోనకో వెళ్ళి వస్తుంటాం. కేరళలోని సైలెంట్ వ్యాలీ జాతీయ ఉద్యానవనానికి మూడుసార్లు వెళ్ళాం. వెళ్ళిన ప్రతిసారీ బంధువులు, ఇరుగుపొరుగువారు ఇంచుమించు అవే ప్రశ్నలు అడుగుతున్నారు కనుక సమాధానాలన్నీ ఒకచోట రాసి ఉంచుతున్నాను. రుసుములు, వేళలు మారుతూ ఉంటాయి కనుక వాటి జోలికి పోలేదు. బయలుదేరే ముందు అటవీశాఖవారిని అడిగి తెలుసుకోవడమే మేలు.

సైలెంట్ వ్యాలీ ఊటీ పక్కనే ఉందంటారు. ఊటీ చూసుకుని అటునుంచి దిగవచ్చా?

దిగలేరు. పటం మీద చూస్తే రెండూ దగ్గరగానే కనిపిస్తాయి గాని, మధ్యలో నీలగిరుల ఎత్తైన అంచు గోడలా నిలబడి ఉంది. సైలెంట్ వ్యాలీ ఆ పర్వతాల నైరుతి మూలన, పాలక్కాడు జిల్లాలో ఉంది. ఇక్కడి శిఖరాల్లో ఎత్తైన అంగిండ 2,383 మీటర్లు ఉంటుంది. ఉత్తరాన ఉన్న ఈ ఎత్తుల నుంచి కుంతి నది దక్షిణంగా ప్రవహించి, కొండల్ని కోసుకుంటూ పాలక్కాడు మైదానంలోకి దూకుతుంది. చుట్టూ నిటారైన అంచులు ఉండడం వల్లనే ఈ లోయలో ఊళ్ళు వెలియలేదు. ఉద్యానవనం మూల ప్రాంతం 89.52 చదరపు కిలోమీటర్లు. 2007లో దాని చుట్టూ మరో 148 చదరపు కిలోమీటర్లను రక్షణ వలయంగా చేర్చారు. సందర్శకులకు ఉన్న దారి ఒక్కటే, అది దక్షిణాన అట్టప్పాడి అనే కొండ ప్రాంతం వైపు ఉన్న ముక్కాలి అనే చిన్న ఊరి నుంచి.

చెన్నై నుంచి ముక్కాలికి ఎలా చేరుకోవాలి?

రెండు దారులు ఉన్నాయి. సెంట్రల్ స్టేషన్‌లో రాత్రి మంగళూరు మెయిల్ గాని తిరువనంతపురం మెయిల్ గాని ఎక్కితే తెల్లవారకముందే పాలక్కాడులో దిగుతారు. అక్కడి నుంచి మన్నార్‌క్కాడ్ మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కి ముక్కాలి చేరాలి. మన్నార్‌క్కాడ్ నుంచి ముక్కాలి సుమారు 20 కిలోమీటర్లు. రెండో దారి చేరన్ ఎక్స్‌ప్రెస్‌లో కోయంబత్తూరు చేరి, ఆనైకట్టి, అగళి మీదుగా వెళ్ళడం. అది దాదాపు 65, 70 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం. నేనైతే వెళ్ళేటప్పుడు కోయంబత్తూరు దారి, వచ్చేటప్పుడు మన్నార్‌క్కాడ్ దారి పట్టమంటాను. ఆనైకట్టి దాటాక కొండలు వాననీడలో ఉండి పొడిగా, ముళ్ళపొదలతో, అచ్చం మన చిత్తూరు వైపు గుట్టల్లా కనిపిస్తాయి. ముక్కాలి దగ్గరపడుతుండగా రోడ్డు పక్కన పచ్చదనం చిక్కబడుతుంది. కొద్ది దూరంలోనే వాన ఎంత తేడా తెస్తుందో ఈ దారిలో కళ్ళారా చూడవచ్చు.

మా సొంత కారులో లోపలికి వెళ్ళనిస్తారా?

వెళ్ళనివ్వరు. కారు ముక్కాలిలోనే ఆగిపోతుంది. అక్కడి అటవీశాఖ కార్యాలయం దగ్గర వారు అనుమతించిన వాహనంలో, వారు పంపే గైడు వెంట ఉండగా, 23 కిలోమీటర్ల అడవి దారిలో సైరంధ్రి అనే చోటి వరకు వెళ్ళి అదే దారిన తిరిగి రావాలి. మొత్తం నాలుగైదు గంటలు పడుతుంది. ఈ యాత్రలో సైరంధ్రిలో రాత్రి బస ఉండదు.

ముందుగా బుక్ చేసుకోవడం తప్పనిసరా? ఎప్పుడు వెళ్ళినా సీటు దొరుకుతుంది అన్నారే?

ఆ మాట నమ్మి మేము ఒకసారి క్రిస్మస్ సెలవుల్లో, పిల్లాజెల్లాతో పద్దెనిమిది మందిమి, పొద్దున పదిన్నరకు ముక్కాలిలో దిగాం. ఆ రోజుకు వెళ్ళవలసిన వాహనాలన్నీ అప్పటికే నిండిపోయాయి. తప్పు పూర్తిగా మాదే కనుక ఎవరినీ ఏమీ అనలేక, భవానీ నది ఒడ్డున బండల మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిని వెనక్కి వచ్చాం. రోజుకు ఇన్ని వాహనాలే అన్న పరిమితి ఉంది. సెలవు రోజుల్లో వెళ్ళేవారు ముందుగా బుక్ చేసుకుని, ముందు రోజు రాత్రికే ముక్కాలికో అగళికో చేరుకుని, మర్నాడు ఉదయం ఎనిమిదికల్లా కార్యాలయం ముందు ఉండడం మంచిది. జంతువులు కనిపించే అవకాశం కూడా తొలి వాహనాల్లో వెళ్ళేవారికే ఎక్కువ.

ఏ నెలలో వెళ్ళాలి?

డిసెంబరు నుంచి మార్చి దాకా. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనం ఈ కొండల మీద విరుచుకుపడుతుంది. ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడి రాకపోకలు నిలిచిపోవడం కూడా ఉంది. అక్టోబరులో అడవి కడిగినట్టు ఉంటుంది గాని జలగల బెడద ఇంకా తీరదు. ఎండలు ముదిరితే కార్చిచ్చు భయంతో ప్రవేశం ఆపివేయవచ్చు, వేసవి సెలవుల కోసం ఎదురుచూసేవారు అది గుర్తుంచుకోవాలి.

పులి కనిపిస్తుందా?

పులులు, చిరుతలు ఇక్కడ ఉన్నాయి. కనిపిస్తాయని మాత్రం ఎవరూ మాట ఇవ్వలేరు. ముదుమలలోనో బందీపూర్‌లోనో ఉన్నట్టు పలచని ఆకురాల్చే అడవులు, నీటి గుంటల చుట్టూ చేరిన జింకల మందలు ఇక్కడ ఉండవు. ఇది సతతహరితారణ్యం. చెట్లు ఒకదాని మీద ఒకటి పందిరి వేసినట్టు పెరిగి, నాలుగు అడుగుల అవతల ఏనుగు నిలబడి ఉన్నా ఆకుల కదలిక తప్ప మరేమీ తెలియనంత చిక్కగా ఉంటాయి. పులి కోసమే వెళ్ళాలనుకునేవారు ఆ డబ్బు, ఆ శ్రమ మరోచోట పెట్టడం మంచిదని నిర్మొహమాటంగా చెబుతున్నాను.

ఓపికతో చూసేవారికి ఎదురయ్యేవి వేరే ఉన్నాయి. చెట్ల చివర్ల మీద గోధుమ, నలుపు రంగుల్లో మలబారు పెద్ద ఉడుత దూకుతూ కనిపిస్తుంది. నీలగిరుల నల్ల కొండముచ్చులు దాదాపు ప్రతిసారీ కనిపించాయి. అడవిదున్నలు, కణుజులు, ఏనుగులు అదృష్టాన్ని బట్టి ఎదురవుతాయి. పెద్ద హార్న్‌బిల్ పక్షి తల మీదుగా ఎగిరితే దాని రెక్కల చప్పుడు ముందుగా వినిపిస్తుంది, పక్షి తరువాత కనిపిస్తుంది. ఎత్తైన గడ్డి కొండల మీద నీలగిరి వరైయాడు ఉంటుంది. తమిళనాడు రాష్ట్ర జంతువుగా బొమ్మల్లో మనకు పరిచయమైన కొండమేక అదే. అయితే సందర్శకుల దారి అంత ఎత్తుకు వెళ్ళదు.

ఈ అడవికి పేరు తెచ్చిన కోతి ఏది? దాన్ని గుర్తుపట్టడం ఎలా?

సింహం తోక కోతి. కన్నడంలో దీన్ని సింగళీక అంటారు. మన కథల్లో వినిపించే సింగిలీకం అనే మాట కూడా దీనికి చుట్టమే. ప్రపంచం మొత్తంలో పశ్చిమ కనుమల్లో తప్ప ఇది మరెక్కడా అడవిలో బతకడం లేదు. అన్నీ కలిపినా నాలుగు వేలకు మించవని అంచనా. నేల మీదికి అరుదుగా దిగుతుంది. కొమ్మకు కొమ్మ ఆనుకుని ఉన్న చెట్ల పందిరి మీదనే తింటుంది, నిద్రిస్తుంది, పిల్లల్ని పెంచుతుంది. ఆ పందిరి మధ్యలో ఒక రోడ్డో తోటో పడి తెగిపోతే అటు గుంపు అటే, ఇటు గుంపు ఇటే చిక్కుకుపోతాయి.

కొత్తవారు నల్ల కొండముచ్చును చూసి ఇదేనని మురిసిపోవడం సాధారణం, మొదటిసారి నేనూ అలాగే మురిశాను. తేడా తోకలో ఉంది. కొండముచ్చుకు నల్లని ఒంటి మీద గోధుమ రంగు తల, చెట్టు మీద నుంచి తాడులా వేలాడే పొడవాటి తోక ఉంటాయి. సింగిలీకానికి నల్లని ముఖం చుట్టూ వెండి రంగు జూలు, పొట్టి తోక చివర కుచ్చు ఉంటాయి.

వాటిని కనిపెట్టడానికి మా గైడు నేర్పిన ఉపాయం పైకి చూడకుండా కిందికి చూడడం. వెడిప్లావు అనే పెద్ద చెట్టు కాయలంటే ఈ కోతులకు ప్రాణం. మలయాళంలో వెడి అంటే తుపాకీ పేలుడు, ప్లావు అంటే పనస చెట్టు. కొమ్మలను అంటిపెట్టుకుని గుత్తులుగా కాసే ఆ కాయలు ఒళ్ళంతా ముళ్ళతో చిన్న పనసకాయల్లా ఉంటాయి. దారి పక్కన అప్పుడే రాలిన ముళ్ళ తొక్కలు, లోపలి తెలుపు ఇంకా వాడకుండా పడి ఉంటే, గైడు జీపు ఆపించి ఇంజను కట్టేయించాడు. రెండు నిమిషాలు ఏమీ లేదు. తరువాత టప్పుమని మరో తొక్క పడింది. తలెత్తితే ఒక తల్లి కోతి కొమ్మ చీలికలో వీపు ఆనించి కూర్చుని, కాయను ముళ్ళు గుచ్చుకోకుండా వేళ్ళ కొసలతో తిప్పుతూ, పంటితో చీల్చి, గింజ బుగ్గ సంచిలో దాచుకుని, తొక్కను మా మీదికి వదులుతోంది. అది మమ్మల్ని ఒక్కసారి చూసి, పెద్దగా పట్టించుకోకుండా మళ్ళీ కాయ వైపు తిరిగింది.

సైలెంట్ వ్యాలీ అనే పేరు ఎలా వచ్చింది? నిజంగా అక్కడ చప్పుడే ఉండదా?

ఈ పేరు వెనుక మూడు కథనాలు చెబుతారు. అన్ని అడవుల్లో చెవులు గింగిరాలెత్తించే కీచురాళ్ళ రొద ఇక్కడ లేకపోవడం గమనించిన తెల్లదొరలు నిశ్శబ్ద లోయ అన్నారన్నది మొదటిది. సైరంధ్రి అన్న పేరు వారి నోట నలిగి సైలెంట్ అయిందన్నది రెండోది. సింహం తోక కోతి శాస్త్రీయ నామంలో ఉన్న సైలీనస్ అనే మాట నుంచి వచ్చిందన్నది మూడోది. ఉదకమండలాన్ని ఊటకమండ్ చేసి, విశాఖపట్నాన్ని వైజాగ్ చేసినవారు సైరంధ్రిని సైలెంట్ చేయడంలో వింత లేదు కనుక నా ఓటు రెండోదానికే. కీచురాళ్ళ సంగతికి వస్తే, ఇప్పుడు అవి ఇక్కడ ఉన్నాయి, మేము వెళ్ళిన ఫిబ్రవరిలో చక్కగా వినిపించాయి కూడా. అయినా జీపు ఇంజను ఆగిన మరుక్షణం ఆ పేరు ఎందుకు నిలిచిందో అర్థమవుతుంది.

పాండవులు ఇక్కడ ఉన్నారంటారు. విరాటుడి కొలువు మత్స్యదేశంలో కదా?

తిక్కన విరాటపర్వం చదివినవారు అడగవలసిన ప్రశ్నే ఇది. అజ్ఞాతవాసం జరిగింది విరాటరాజు మత్స్యదేశంలో, అది నేటి రాజస్థాన్ ప్రాంతం. ద్రౌపది అక్కడ రాణి సుధేష్ణ దగ్గర సైరంధ్రిగా, అంటే పరుల ఇంట ఉంటూ జడలల్లడం, గంధం తీయడం వంటి పనులు చేసే స్త్రీగా చేరింది. స్థానికుల కథ దీనికి అడ్డు రాదు. రాజ్యం పోగొట్టుకుని దేశాలు తిరుగుతూ పాండవులు ఈ లోయకు వచ్చారని, పచ్చిక, నీరు, నీడ సమృద్ధిగా ఉన్న ఈ చోటు చూసి కొంతకాలం ఆగిపోయారని వారు చెబుతారు. అందుకే లోయ సైరంధ్రీవనమైంది, నది కుంతి అయింది. నది దిగువన పాత్రక్కడవు అనే చోటు ఉంది. కడవు అంటే రేవు. అది వారు పాత్రలు కడుక్కున్న రేవట.

మన ఊళ్ళలోనూ ఇలాంటివి తక్కువేమీ లేవు. భీముడు తన్నిన బండ, పాండవుల గుహ లేని కొండ తెలుగునాట ఎక్కడుంది? చరిత్రగా నిరూపించబూనితే ఈ కథలు నిలవవు. ఒక చోటును జనం ఎంత ప్రేమగా చూసుకున్నారో తెలుసుకోవడానికి మాత్రం ఇవి పనికివస్తాయి. రెండు సంగతులు మాత్రం తెలుగు చెవికి ప్రత్యేకంగా తగులుతాయి. గాలికి ఈలవేసే వెదురును సంస్కృత నిఘంటువుల్లో కీచకం అంటారు. సైరంధ్రి పేరున్న ఈ వనంలో వెదురు జాతికి చెందిన ఈట పొదలు గాలికి గరగరలాడుతుంటే మా బృందంలోని తెలుగు మాస్టారు ఒకాయన ఆగి, నవ్వి, కీచకుడు ఇంకా ఇక్కడే తిరుగుతున్నాడన్నారు. రెండోది, వానలు పడకపోతే విరాటపర్వం చదివించడం మన పల్లెల ఆచారం. సైరంధ్రి పేరు పెట్టుకున్న కొండకు వానల కొరత లేకపోవడం చూస్తే ఆ ఆచారం పెట్టినవారికి నవ్వొచ్చేది.

పాండవుల కథ కాక వేరే గాథలు ఉన్నాయా?

ఉన్నాయి, అవి పాండవుల కథకన్నా ఇప్పటికీ సజీవంగా ఉన్నాయి. అట్టప్పాడిలో ఇరుళర్, ముడుగర్, కురుంబర్ అనే ఆదివాసీ సమాజాలు నివసిస్తున్నాయి. మహాబలిపురం దారిలో పాముల నుంచి విషం తీసే ఇరుళర్ సహకార సంఘాన్ని చూసిన చెన్నైవాసులకు మొదటి పేరు పరిచయమే. వీరికి మల్లీశ్వరన్ ముడి అనే శిఖరం సాక్షాత్తూ శివుడు. మహాశివరాత్రికి చెమ్మన్నూరు గుడి దగ్గర ఉత్సవం జరుగుతుంది, వ్రతం పట్టినవారు శిఖరం ఎక్కి దీపం వెలిగిస్తారు. ఆ శిఖరం రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. అది వారి పూజాస్థలం కనుక ఎక్కి ఫొటోలు దిగే ఆలోచన పెట్టుకోకండి.

ఉత్తరపు గోడకు అవతల ముకుర్తి శిఖరం ఉంది. నీలగిరుల తోడా ప్రజల నమ్మకం ప్రకారం చనిపోయిన మనుషుల ఆత్మలు, వారి గేదెల ఆత్మలు కలిసి ఆ శిఖరం మీద నుంచి పరలోకానికి దూకుతాయి. పశ్చిమ దిశగా నిలువునా తెగిపడిన ఆ అంచును ఫొటోలో చూసినా ఆ నమ్మకం ఎందుకు పుట్టిందో ఊహించవచ్చు.

ఇక్కడ ఆనకట్ట కట్టబోయి ఆపేశారట. ఆ కథ ఏమిటి?

సైరంధ్రి వద్ద కుంతి నది ఇరుకైన గండి గుండా వెళుతుంది. ఆనకట్ట కట్టాలనుకునే ఇంజనీరుకు అంతకన్నా అనువైన చోటు దొరకదు. 1928లోనే ఆ చోటును గుర్తించారు. 1973లో ప్రణాళికా సంఘం విద్యుత్ పథకానికి ఆమోదం ఇచ్చింది. సుమారు 130 మీటర్ల ఎత్తు ఆనకట్ట, తొలిదశలో 120 మెగావాట్ల విద్యుత్తు, నీట మునిగేది 8.3 చదరపు కిలోమీటర్ల అడవి. మలబారు ప్రాంతం అప్పటికి వెనుకబడి ఉంది. కరెంటు వస్తే పరిశ్రమలు వస్తాయని, పొలాలకు నీరు అందుతుందని ఆశపడినవారిని తప్పుపట్టలేం.

ఈ మారుమూల లోయ సంగతి బయటి ప్రపంచం చెవిన మొదట వేసినవారిలో మన చెన్నై పాముల పార్కును స్థాపించిన రోములస్ విటేకర్ ఒకరు. తరువాత కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్ అనే ప్రజా విజ్ఞాన సంస్థ ఊరూరా తిరిగి లెక్కలు విప్పి చెప్పింది. మునిగేది అడవిలో పదో వంతు కూడా లేదు కదా అన్న వాదనకు వారు ఇచ్చిన జవాబు నాకు బాగా నచ్చింది. మునిగే ఆ వంతు నది ఒడ్డున ఉన్న అడవి, లోయకు గుండెకాయ వంటిది. దానితోపాటు వేలాది కూలీలు, వారి వంటచెరకు, రోడ్లు, లారీలు ఏళ్ళ తరబడి లోపల ఉంటాయి, ఆ తరువాత మిగిలిన తొమ్మిది వంతులు కూడా పాత అడవిగా మిగలవు. కవయిత్రి సుగతకుమారి వంటివారు ఈ పోరాటంలోకి దిగారు. సింహం తోక కోతి ఉద్యమానికి గుర్తుగా మారింది. వ్యవసాయ శాస్త్రవేత్త ఎం.ఎస్. స్వామినాథన్ లోయను స్వయంగా చూసి దాన్ని కాపాడాలని సిఫార్సు చేశారు. ప్రధాని ఇందిరా గాంధీ హయాంలో శాస్త్రవేత్త ఎం.జి.కె. మీనన్ అధ్యక్షతన వేసిన సంఘం నివేదిక వచ్చాక 1983లో పథకాన్ని విరమించుకున్నారు. 1984 నవంబరు 15న జాతీయ ఉద్యానవనంగా ప్రకటన వెలువడింది. ఇందిర అప్పటికి లేరు. 1985 సెప్టెంబరు 7న రాజీవ్ గాంధీ దాన్ని ప్రారంభించారు.

అక్కడితో అయిపోలేదు. 2001 తరువాత ఆనకట్ట ఆలోచన మరో పేరుతో, కాస్త దిగువన, ఇందాక చెప్పిన పాత్రక్కడవు వద్ద మళ్ళీ లేచింది. 2007లో చేర్చిన రక్షణ వలయానికి నేపథ్యం అదే.

సైరంధ్రి చేరాక చూడడానికి ఏముంది?

ఒక సమాచార కేంద్రం, ఒక వాచ్‌టవర్, నడిచి వెళితే ఒక నది. అంతే. వాచ్‌టవర్ సుమారు 30 మీటర్ల ఎత్తు ఇనుప నిర్మాణం. పైకి ఎక్కినకొద్దీ గాలికి సన్నగా కంపిస్తుంది, ఎత్తులంటే భయం ఉన్నవారు మొదటి అంతస్తులోనే ఆగిపోవచ్చు. పైన నిలబడితే చుట్టూ ఒక్క కరెంటు స్తంభం గాని, ఒక్క పెంకుటిల్లు గాని లేని అడవి, దాని మధ్య చీలికలో కుంతి నది తెల్లని దారంలా కనిపిస్తాయి. అక్కడి నుంచి కిలోమీటరున్నర దిగితే నది మీద వేలాడే వంతెన వస్తుంది. అక్కడికి వెళ్ళనివ్వడం ఆ రోజు పరిస్థితిని బట్టి ఉంటుంది. ఊరి మురికి గాని, పొలాల మందు గాని కలవని నీరు ఎలా ఉంటుందో చూడాలంటే ఇక్కడే చూడాలి, లోతు తెలియనంత తేటగా ఉంటుంది.

జలగల సంగతి ఏమిటి? పిల్లలు భయపడుతున్నారు.

భయపడవలసినంత ప్రమాదం లేదు, చిరాకు మాత్రం తప్పదు. చలికాలంలో చాలా తక్కువ, వానాకాలంలో అడుగడుగునా ఉంటాయి. రాలిన ఆకు అంచున అగ్గిపుల్లంత సన్నగా నిలబడి, ముందు భాగాన్ని గాలిలో అటూ ఇటూ ఊపుతూ మనిషి వేడిని వెతుక్కుంటుంది. బూటు తగిలిందంటే మేజోడు అల్లికలోంచి దూరుతుంది. పట్టినప్పుడు నొప్పి తెలియదు, రక్తం చూసినప్పుడే తెలుస్తుంది. లాగి పీకకూడదు. ఉప్పు గాని సున్నం గాని తగిలిస్తే తనే వదులుతుంది. రక్తం గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంటుంది కనుక వదిలాక కూడా కొంతసేపు రక్తం కారుతుంది, కంగారుపడకుండా కడిగి గుడ్డ కట్టండి. మోకాళ్ళ దాకా వచ్చే మందపాటి మేజోళ్ళు, చిన్న గుడ్డలో మూటగట్టిన ఉప్పు ఉంటే చాలు.

వయసు మళ్ళినవారిని, చిన్నపిల్లలను తీసుకువెళ్ళవచ్చా?

వెళ్ళిరావడానికి 46 కిలోమీటర్లు, అదీ గతుకుల దారి. నడుంనొప్పి, మెడనొప్పి ఉన్నవారికి, గర్భిణులకు వద్దనే చెబుతాను. మా అత్తగారు డెబ్బై ఏళ్ళ వయసులో వచ్చారు, వాచ్‌టవర్ ఎక్కలేదు, కింద బెంచీ మీద కూర్చుని మాకన్నా ఎక్కువ పక్షుల్ని చూశారు. పిల్లలు నిశ్శబ్దంగా ఉండగలిగిన వయసు వచ్చాక తీసుకువెళితే వారికీ మంచిది, పక్క సీటువారికీ మంచిది.

తిండి, బస, భాష?

సైరంధ్రిలో హోటల్ ఉంటుందనుకుని వెళ్ళవద్దు. ముక్కాలిలో చిన్న హోటళ్ళలో ఎర్ర బియ్యపు అన్నం, పుట్టు, శనగల కూర దొరుకుతాయి. బోర్డు మీద కప్ప అని చూసి మా బృందంలో ఒకరు అదిరిపడ్డారు, మలయాళంలో కప్ప అంటే కర్రపెండలం. ముక్కాలిలో అటవీశాఖ వసతి కొద్దిగా ఉంది, మిగిలినవారు అగళిలోనో మన్నార్‌క్కాడ్‌లోనో ఉండవచ్చు. అట్టప్పాడిలో తమిళం బాగా నడుస్తుంది కనుక చెన్నైలో పెరిగినవారికి ఇబ్బంది లేదు. లోపల ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

వెంట ఏవి తీసుకెళ్ళకూడదు?

ప్లాస్టిక్ సంచులు, ప్యాకెట్లు, మద్యం, సిగరెట్లు, పాటలు వినిపించే స్పీకర్లు. అత్తరు కూడా వద్దు, కళ్ళు కొట్టే రంగుల బట్టలూ వద్దు. ఏనుగు ఎదురైతే జీపు దిగకండి, కేక వేయకండి, డ్రైవరు చెప్పినట్టు వినండి. ఆదివాసీ ఊళ్ళ మీదుగా వెళ్ళేటప్పుడు అడగకుండా మనుషుల ఫొటోలు తీయడం మన ఇంటి ముందు ఎవరో ఆగి మనల్ని ఫొటో తీయడం లాంటిదే.

నదిలో స్నానం చేయవచ్చా? ఆ నీళ్ళు చివరికి ఎక్కడికి వెళతాయి?

ఉద్యానవనంలో నదిలోకి దిగనివ్వరు. ఇక రెండో ప్రశ్న చాలా తక్కువమంది అడుగుతారు గాని నాకు ఇష్టమైనది అదే. కుంతి నది పడమటికి తిరిగి, భారతప్పుళలో చేరి అరేబియా సముద్రంలో కలుస్తుంది. ముక్కాలిలో మేము పులిహోర తిన్న భవానీ నది మాత్రం నీలగిరుల్లో పుట్టి, అట్టప్పాడిలోకి దిగి, సరిగ్గా ముక్కాలి దగ్గర ఒక్కసారిగా మలుపు తిరిగి ఈశాన్యానికి పోతుంది. కేరళలో తూర్పుకు పారే నదులు మూడే, కబిని, భవాని, పాంబారు. ఈరోడుకు ఎగువన భవాని అనే ఊరి దగ్గరే అది కావేరిలో కలుస్తుంది. కావేరి నీళ్ళు కొల్లిడం మీదుగా వీరాణం చెరువుకు, అక్కడి నుంచి 2004 తరువాత గొట్టాల్లో చెన్నైకి వస్తున్నాయి. తెలుగుగంగ కాలువలో కృష్ణమ్మ వస్తుందని మనం గొప్పగా చెప్పుకుంటాం గాని, పెరంబూరులో కుళాయి తిప్పినప్పుడు ఆ అడవి అంచు నీళ్ళు కూడా అందులో కాసిన్ని ఉండవచ్చు.